మడతబందు

బడి నుంచి వచ్చిన కాగితం
మూడు వారాలుగా ఫ్రిజ్ తలుపుకి అంటుకుని ఉంది.
వచ్చే ఏడు ఏడో తరగతిలోకి వచ్చే పిల్లలకు
తాకితే పలికే తెర, వెనక్కి తిరిగే మూత,
పెన్ను, రోజంతా ఆగే బ్యాటరీ,
బరువు కిలోన్నర దాటరాదు.
ధర గురించి ఒక్క ముక్క లేదు.
ధర మా ఇంట్లో వేరే కాగితం మీద ఉంది,
కారు రిజిస్ట్రేషన్‌కి కింద, గ్యాస్ బిల్లుకి పైన,
పెన్సిల్‌తో: నాలుగు వందల యాభై.
మా ఆవిడ దాన్ని రెండుసార్లు చెరిపి
రెండుసార్లూ అదే రాసింది.

నవంబరు, ఎండాకాలం వచ్చేసిందంటుంది క్యాలెండరు.
బల్లరాట్ గాలికి ఆ సంగతి తెలీదు,
స్టర్ట్ స్ట్రీట్ పొడవునా నా చొక్కా గుండీలు లెక్కపెట్టింది.
మేదిని నాకంటే నాలుగడుగులు ముందు.
షాపులో బల్లల మీద వరసగా లాప్‌టాప్‌లు,
ఎవరూ ఎత్తుకుపోకుండా
తీగలకు కట్టేసిన మేకపిల్లలు.
జేబు మీద లాక్లన్ అని పేరున్న కుర్రాడు
జీబీలు చెప్పాడు, ప్రాసెసర్లు చెప్పాడు.
పెళ్ళిమంత్రాలకి ఊపినట్టు తల ఊపాను.

నాకు తెలిసింది ఒకటే.
పదకొండేళ్ళుగా వెండూరీలో ఒక షెడ్డులో
వంటింటి అలమరలకు తలుపులు బిగిస్తున్నాను,
రోజుకి తొంభై మడతబందులు.
చెక్క ఎంత నునుపైనా, రంగు ఎంత మెరిసినా
చివరికి ఇంటివాళ్ళు తిట్టుకునేది మడతబందునే.
అందుకని అందరూ తెరలు చూస్తుంటే
నేను వాటి నడుములు చూశాను.

మొదటిది మూడు వందల ఎనభై.
వేలు ఆనిస్తే చాలు
అక్షరం కంటే ముందు తెర ఊగింది.
రెండోది ఆరు వందల తొంభై,
బ్యాంకు లాకరు తలుపంత హుందాగా తిరిగింది.
దాని చీటీ చూసి నేను, నన్ను చూసి మేదిని
ఇద్దరం మెల్లిగా పక్కకి జరిగాం.
డబ్బు మాట ఎత్తకుండా జరగడం
ఆ పిల్ల ఎప్పుడు నేర్చుకుందో.

"వాడినవి ఉన్నాయి, వెనక గదిలో,"
లాక్లన్ గొంతు తగ్గించాడు, అదేదో రహస్యంలా.
బడులు తిరిగిచ్చినవి, బాగుచేసినవి.
నాలుగు వందల ఇరవై, పెన్నుతో సహా.
అంచులకు రబ్బరు,
అడుగున స్టిక్కరు పీకిన జిగురు మచ్చ,
ఆ పక్కన పిన్నుతో గీకిన పేరు: టాలియా.
"అది పోదు. పది డాలర్లు తగ్గిస్తా."

తెరిచాను. మూశాను. తెరిచాను.
వెనక్కి తిప్పి వీపుకి వీపు ఆనించాను.
కాస్త బిగువు, చివర్లో చిన్న పట్టు.
ఎవరో పిల్ల మూడేళ్ళు రోజూ తెరిచి మూసి
సాఫుచేసి ఇచ్చిన కదలిక.
కొత్త మడతబందుకి ఆ మర్యాద రాదు.

మేదిని లాక్కుని దాన్ని గుడారంలా నిలబెట్టింది.
ముందర మోకాళ్ళ మీద కూర్చుని
పెన్నుతో మాగ్‌పై పిట్టని గీసింది.
ముక్కు మరీ సాగి కొంగయింది.
చెరిపింది. మచ్చ కూడా మిగల్లేదు.
"టాలియా ఎవరు నాన్నా?"
"నీకంటే ముందు హోంవర్క్ ఎగ్గొట్టిన పిల్ల."
నవ్వలేదు. పేరు మీద వేలు పెట్టి కొలిచి
"కింద నా పేరుకి చోటుంది" అంది.

రాత్రి వంటింట్లో నేనొక్కణ్ణే
తెరిచి మూస్తున్నాను, ముప్పై, ముప్పై ఒకటి,
షెడ్డులో తనిఖీ చేసినట్టే.
"అదేమన్నా అలమరా?" గదిలోంచి మా ఆవిడ.
ముప్పై రెండోసారీ చప్పుడు లేదు.

ఫ్రిజ్ మీది బడి కాగితం తీసేశాను.
రెండో కాగితం మీద
నాలుగు వందల యాభై కొట్టేసి ఉంది,
పక్కన, నలభై మిగిలాయి, అని.
ఆ రాత నాది కాదు.
మా ఆవిడదీ కాదు.